చదును రోడ్డు మింద దిగుడు

ఫింటాస్‌లో సముద్రం పక్క వీధిలో ఒక ఇల్లుండేది. సైకిల్ ఇల్లు అనేవాళ్ళు. ఇరాకోళ్ళు కువైట్ మింద పడినాక ఆ ఇంటికి చెడ్డపేరొచ్చింది. పొద్దుగూకినాక ఆ పక్కకి పోవద్దని మా మంగఫ్ కూలీల క్యాంపులో ఒకరికొకరు చెప్పుకునేవాళ్ళు.

నీళ్ళ ట్యాంకరు తోలే దొరబాబని ఒక గోదావరాయన ఉండేవాడు. ఒకరోజు మొగం పాలిపోయి వచ్చినాడు.

"గేటుకి తాళమేసుందండీ. మనిషన్నవాడు లేడు. గేటు ముందర మాత్రం టిక్కుటిక్కుమంటా సైకిలు చక్రం తిరుగుతున్న చప్పుడండీ బాబూ! నా మీద ఒట్టు!"

నేను నవ్వినా. "దేశమంతా తుపాకులు పట్టుకొని తిరుగుతాంటే భయపడేదానికి నీకి దెయ్యమే దొరికిందా అప్పా?" నేను పెంచల్‌ని, ఆ క్యాంపులో వంటోన్ని. ఉన్న బియ్యం అందరికీ ఎట్ట సర్దాల్నో తెలీక నేను చస్తాంటే, మధ్యలో ఈయన దెయ్యమొకటి!

చిన్నపుల్లయ్య మాత్రం నవ్వలే. అన్నం పళ్ళెం పక్కకి నెట్టేసి నా తట్టు చూసినాడు.

"పెంచలన్నా... అది మా అక్క పనిచేసే ఇల్లు."

ఇంగ నాకు నవ్వు యాడనుంచి వస్తాది?

చిన్నపుల్లయ్య రాయచోటోడు. ఆడ బస్టాండు కాడ సైకిల్ షాపులో పనిచేసి, ఆ ఏడే కువైట్‌కొచ్చినాడు. వాళ్ళక్క సిద్ధమ్మ అంతకుముందే వచ్చి, ఒక ఇటలీ ఇంజినీరు ఇంట్లో పనికి కుదిరింది. బస్సెక్కితే బీడీ కాల్చేంత దూరం. అయినా అక్కాతమ్ముడు ఒకరి మొగం ఒకరు చూసుకోలే. ఆమెని బయటికి పంపరు, వీనికి సెలవు దొరకదు. శుక్రవారం శుక్రవారం ఫోన్లో మాట్లాడుకునేదే.

ఫోనెత్తితే సిద్ధమ్మకి ఆ ఇంజినీరు కతే. పేరు పియెరో. ఇంట్లో పనిచేసేవాళ్ళు ఆయన పెండ్లాన్ని మామా అంటారు, ఆయన్ని బాబా అంటారు. బాబాకి సైకిలంటే పిచ్చి. ఎండ ముదిరి బయట తొక్కలేని కాలంలో, పాత సైకిలొకటి హాల్లో ఇనుప స్టాండు మింద నిలబెట్టి, కదలకుండా ఉన్నకాడనే తొక్కేవాడంట. ఎదురుగ్గా గోడకి గోడంత ఫోటో. వాళ్ళ దేశంలో కొండలు, ఆ కొండల్లో మెలికలు తిరిగిన రోడ్డు, రెండుపక్కలా అడవి.

"మన గువ్వలచెరువు ఘాటే అనుకోరా," అనేది సిద్ధమ్మ. "ఆ అడవిలో చెట్టు కొట్టకూడదంట, జింకని ముట్టకూడదంట. రోడ్డుకడ్డంగా జింకలొస్తే బాబా సైకిలాపి, అవి పోయేదాకా నిలబడతాడంట. పైకి ఎక్కేదాకానే కష్టం. ఆడనుంచి వాళ్ళమ్మ ఊరిదాకా కాలు కదపబన్లేదంట, సైకిలే తీసుకపోతాదంట!"

ఎండాకాలం సెలవులకి బాబా, మామా ఆ కొండలకే పోయినారు. పోతాపోతా ఒక మాట చెప్పినాడంట — "సిద్ధా, దిగులుపడొద్దు. సెలవు నుంచి రాంగానే నీ తమ్ముణ్ణి నేనే తోడుకొచ్చి గేటు కాడ నిలబెడతా."

ఈ మాట చెప్పిన శుక్రవారమే ఆఖరి ఫోను. ఆ తర్వాత యుద్ధమొచ్చె. ఫోన్లు పోయె. అంతింట్లో సిద్ధమ్మ ఒంటికాయ సొంటికొమ్ము మాదిరి మిగిలిపోయె.

చిన్నపుల్లయ్య పట్టపగలు పోయి చూస్తామని బయల్దేరితే, చెక్‌పోస్టు కాడ తుపాకి చూపించి వెనక్కి తరిమినారు. ఇంతలో కంపెనీ వాళ్ళు చెప్పేసినారు — తెల్లారి జోర్డాన్‌కి బస్సులు. యల్లా, పదండి, ఎక్కినోళ్ళు ఎక్కినట్టు. రానోళ్ళ సంగతి ఖలాస్.

"అక్కని ఇడిసిపెట్టి ఊరికి పోతే అమ్మ మొగం ఎట్ట చూడాలన్నా?" అన్యాడు. "ఉంటే తోడుకొస్తా. లేకుంటే... లేదని తెలుసుకోనన్నా వస్తా."

చీకటిపడతానే కంచె దూరి పోయినాడు. ఇక్కడనుంచి వాడు చెప్పింది చెప్పినట్టు చెప్తాండా. అబద్ధముంటే ఆ పాపం వానిదే.

రోడ్డు మింద దీపం లేదు. కాలిపోయిన కార్లు, ఇసక, సముద్రం గాలి. కుక్క కూడా అరవలే. ఫింటాస్‌లో దూరేసరికి వానికి దిక్కు తెలీలే — అన్నీ ఒకే మాదిరి గోడలు, ఒకే మాదిరి గేట్లు. పేరే గానీ సైకిల్ ఇల్లు ఎప్పుడన్నా చూసినాడా? ఎవరి తలుపు తట్టాల? తట్టితే ఎవరొస్తారు?

వీధి మధ్యలో నిలబడి ఏడ్సినాడంట. ఏడ్చేదానికి కూడా భయమే, చప్పుడైతాదని.

అప్పుడు వినపడింది...

టిక్... టిక్... టిక్ టిక్ టిక్ టిక్...

ముందర, కొంచెం దూరంలో. మనిషి కనపడలే, సైకిలూ కనపడలే.

వాడు చక్రాల మధ్యలో పెరిగినోడు గదా. ఆ చప్పుడు వానికి తెలుసు. తొక్కేటప్పుడు రాదది. తొక్కడం ఆపి, సైకిల్‌ని దాని పాటికి వదిలేస్తే ఫ్రీవీల్ చేసే చప్పుడు. గువ్వలచెరువు ఘాటు దిగతాంటే కిందిదాకా అదే పాట.

మరి ఈడ? తువ్వాల పరిచినట్టుండే కువైట్ రోడ్డు! దీని మింద తొక్కకుండా ఎవరైనా ఎంతసేపు పోతారు? జరంత దూరం పోయి ఆగిపోవాల గదా.

ఆగలే.

వెనక్కి తిరిగి పరిగెత్తబోయినాడు. అంతలోనే వెనకతట్టు జీపు లైటు పడింది. ఎగిరి గోడ పక్కన బోర్లా పడుకున్యాడు. జీపు మెల్లగా వచ్చింది. సైనికులు అటూ ఇటూ టార్చి కొట్టినారు. ఆ టిక్‌టిక్ నేరుగా వాళ్ళ పక్కనుంచే పోయింది. ఒక్కడన్నా తలెత్తి చూడలే.

జీపు పోయింది. చప్పుడు మాత్రం... వీనికోసమే నిలబడినట్టు... అక్కడక్కడే తిరుగుతాంది.

"అన్నా, ఇంగ చచ్చినా ఒకటే బతికినా ఒకటే అనుకుంటి. అక్క కావాల నాకు. దాని వెంబడే పోయినా," అన్యాడు.

రెండు వీధులు తిప్పి ఒక గేటు కాడ ఆగిపోయింది. తాళమేసిన గేటు.

గోడ దూకినాడు. హాలుకి కిందిదాకా అద్దం తలుపు, లోపల కటిక చీకటి. అద్దం మింద మెల్లగా తట్టినాడు.

"అక్కా..."

మళ్ళీ తట్టినాడు.

"అక్కా, నేను... పుల్లయ్యని."

లోపలనుంచి గుసగుసగా ఒక గొంతు — "పోరా నాయనా... నీకి దండం పెడతా. నన్ను భయపెట్టద్దు, పో."

మంగఫ్ క్యాంపులో కడపోళ్ళు కాల్పుల్లో పోయినారని ఎవరో గోడ అవతల చెప్పుకుంటాంటే వినిందంట ఆమె. తమ్ముడు ఎప్పుడో పోయినాడనుకొని, ఆ ఇంట్లోనే వాని పేరున ఏడ్చి ఏడ్చి ఊరకుండిందంట! అంటే ఈడ ఎవరు దెయ్యం? వీనికి ఆమె దెయ్యం, ఆమెకి వీడు దెయ్యం.

"నేను బతికే ఉండా అక్కా!"

"అయితే కాళ్ళు చూపించు."

దెయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగుంటాయని మనోళ్ళకి ఎవరూ చెప్పబన్లేదు గదా. వాడు చెప్పులిడిసి అద్దం కాడ నిలబడినాడు. చీకట్లో ఎట్ట కనపడాల? ఆ వీధికి కరెంటు పోయి చాన్నాళ్ళయింది. లోపల ఏదో కదిలింది. గొలుసు కిర్రుమంది. చిన్న వెలుగొకటి మినుకుమని, వణుక్కుంటా పెద్దదైంది. సిద్ధమ్మ చీర ఎగ్గట్టుకొని స్టాండు మింది సైకిలెక్కి తొక్కుతాంది! హ్యాండిలు తలుపు తట్టు తిప్పేసరికి దాని డైనమో లైటు అద్దంలోనుంచి వీని కాళ్ళ మింద పడింది.

వేళ్ళు ముందుకే ఉండాయి. ఎడం కాలి బొటనవేలికి గోరు లేదు. చిన్నప్పుడు అక్కే వాణ్ణి సైకిలెనక కూర్చోబెట్టుకొని తొక్కితే, కాలు చువ్వల్లో పడి పోయిన గోరది.

"ఒరేయ్ పుల్లా!" అని కేకేసి, సైకిల్ మిందనుంచి అట్నే దూకేసిందంట.

తెల్లారకముందే ఇద్దరూ నా వంటగదిలో ఉండారు. సిద్ధమ్మ చిక్కి పుల్లయింది. గంజి పోస్తే తాగతా, తమ్ముని చెయ్యి వదల్లే. నేను పొగకని చెప్పి కండ్లు తుడుచుకుంటి.

ఆ తర్వాత బస్సులో జరిగింది నా చెవులతో విన్నదే. వాళ్ళ వెనక సీటు నాది.

చిన్నపుల్లయ్య అన్యాడు — "చీకట్లో రోడ్డు మింద తిరిగినట్టు అనిపించింది గానీ, నువ్వు తొక్కి వదిలేస్తాంటే వచ్చిన చప్పుడే అయ్యుంటాది అక్కా. ఆ చప్పుడు పట్టుకొనే ఇల్లు కనుక్కున్యా."

"నేనా?" అనింది సిద్ధమ్మ. "లైటు కనపడితే సైనికులొస్తారని ఆ స్టాండు సైకిల్ని ముట్టుకోనేలేదురా. నీ కాళ్ళు చూసేదానికే ఎక్కింది." తమ్ముని తట్టు తిరిగి, "నేనే అడగాలనుకుంటి. నువ్వు సైకిలేసుకొని గదా వచ్చింది? గేటు కాడికొచ్చి ఆగిందే... దాన్ని యాడ పారేసినావు?"

"నేను నడిసొచ్చినానక్కా."

బస్సులో అంత ఎండలో నాకు చలేసింది.

"రోజూ పొద్దుగూకితే గేటు కాడ ఆ చప్పుడు తిరిగేది," అనింది సిద్ధమ్మ మెల్లగా. "పక్కిళ్ళన్నీ దోచుకున్యారు. మా గేటు మాత్రం ఎవరూ ముట్టలే."

కిటికీ అవతల ఎడారి అట్నే పోతానే ఉంది.

యుద్ధం అయిపోయినాక మేమంతా మళ్ళీ కువైట్ చేరినాం. మామా తన సామాను తీసుకపోయేదానికి వచ్చి, సిద్ధమ్మని వెతికి పిలిపించింది. నల్లగౌను వేసుకొని, ఒంటరిగా వచ్చిందంట.

యుద్ధం వార్త విన్నకాడనుంచి బాబాకి కూడు లేదు, నిద్ర లేదంట. "సిద్ధ ఒక్కతే ఉంది, నేను పోవాల," అని అదే మాటంట. ఆ వారంలోనే ఒక సాయంత్రం కొండ మిందికి సైకిల్ తొక్కుకుంటా పోయినాడు. దిగేటప్పుడు, గోడ మింది ఫోటోలో ఉండే ఆ మలుపు కాడనే, జింక అడ్డమొచ్చింది. దాన్ని తప్పించబోయి లోయలో పడినాడు.

"నీకిచ్చిన మాట తీర్చలేదు సిద్ధా," అని మామా ఏడ్చిందంట. "సెలవు నుంచి ఆయన తిరిగి రానేలేదు."

సిద్ధమ్మ ఆయమ్మ చేతులు పట్టుకుంది.

"వచ్చినాడు మామా," అనింది. "మా తమ్ముణ్ణి గేటు కాడ నిలబెట్టే పోయినాడు."