శివమ్మ చేలో ఖరీదైన గడ్డి

“గడ్డికి నూట ఎనభయ్యా?”

రోహిణి అరుపుకి కాగితం పూల చెట్టు మీదున్న పిచ్చుక ఎగిరిపోయింది. తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు పక్కనున్న ఆ నర్సరీలో, కుండీల మధ్య పైపు పట్టుకుని నిలబడ్డ అబ్బాయి మాత్రం కదల్లేదు.

“ఒక్క కుండీకే మేడమ్. జోడీకి కాదు” అన్నాడు నిమ్మళంగా.

“బర్రెకు కూడా ఇంత ఖరీదు గడ్డి ఎవ్వరు పెట్టరు!”

“బర్రె కోసమని ముందే చెప్పాలె కద. వేరే సైజు చూపిస్త.”

రోహిణికి నవ్వొచ్చింది. నవ్వితే రేటు తగ్గించడని పెదవి కొరుక్కుంది. “మా నానమ్మ జిందగీ మొత్తం గడ్డి పీకుడే పని. నేను పైసలిచ్చి కొనుక్కపోతే నన్ను పీకుతది.”

“అయితే ఆమెకు చూపెట్టకుండ్రి.”

అతని పేరు అభిలాష్. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి వాళ్ల నాన్న గోపయ్య పెట్టిన నర్సరీ అది. మాటకు మాట తగిలించడంలో డిగ్రీ ఉంటే గోల్డ్ మెడల్ అతనికే ఇవ్వాలి.

కానీ ఆ గడ్డి బాగుంది. సన్నటి ఆకులు చుట్టూ ఫౌంటెన్‌లా వంగి, కొసల్లో గులాబీ రంగు కంకులు, అచ్చం నక్క తోకల్లాగా, గాలికి ఊగుతున్నాయి.

రోహిణి అసలు సంగతి చెప్పింది. ఎల్బీనగర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు పక్కన పది మంచాలు పట్టేంత మట్టి నేల ఉంది. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఎండే. ఏటా లాన్ వేస్తారు, దానికి ట్యాంకర్ నీళ్లు తాగిస్తారు, అది ఏప్రిల్లో చస్తుంది. సెక్రటరీ వెంకట్రావు గారు విసిగిపోయి, టైల్స్ వేసి రెండు కార్లు పెట్టుకుందామన్నారు. అప్పుడు రోహిణి మీటింగ్‌లో లేచి నిలబడింది. ట్యాంకర్ నీళ్లు చుక్క వాడకుండా జూన్‌కల్లా తోట చూపిస్తానంది. అనేశాక గబుక్కున కూర్చుండిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ డయాగ్నస్టిక్ సెంటర్‌లో రోజుకి అరవై మందికి రక్తం తీసే పిల్ల. సూది పట్టుకుంటే వణకని చెయ్యి, మిగతా అన్నిటికీ వణుకుతుంది.

అంతా విన్నాక అభిలాష్ హాస్యం కట్టిపెట్టి డాక్టరైపోయాడు. “నీళ్లు నిలుస్తయా? మొరం నేలనా, నల్లమట్టా?” అని అడిగి అడిగి పన్నెండు ఫౌంటెన్ గడ్డి కుండీలు, అంచుకి కలబంద, మధ్యలో బిళ్లగన్నేరు, ఎర్రంచు పసుపు పూల గైలార్డియా పక్కన పెట్టాడు.

“ఇవి ఒక్కసారి పెడితే ఏండ్లకేండ్లు ఉంటయి. ఎండలకు భయపడవు. మొండి ఘటాలు.”

“మా నానమ్మ కూడా గట్లనే. ఇప్పుడు నాగోల్‌ల మా మేనత్త ఇంట్ల కన్ను ఆపరేషన్ చేయించుకుని రెస్ట్ తీసుకుంటుంది.”

ఆదివారం అతనే వచ్చి నాటాడు. మొక్కల చుట్టూ గులకరాళ్లు పరిచాడు. “మొదటి నెల వారానికి రెండుసార్లు నీళ్లు. తర్వాత మర్చిపోవాలె.”

“ఎట్ల మర్చిపోతం?”

అతను ఆమె వైపు చూశాడు. “నిజమే. కష్టమే.”

ఆ చూపు మొక్కల గురించి కాదని రోహిణికి లిఫ్ట్ ఎక్కాక గానీ తట్టలేదు.

ఇక ప్రతి ఆదివారం చెకప్‌కి రాసాగాడు. “అందరి ఇండ్లకు గిట్ల పోతరా?” అని అడిగితే, “గడ్డి కోసం లొల్లి పెట్టుకున్నోళ్ల ఇంటికే” అన్నాడు. ఆ పది మంచాల నేల పోతే ఆదివారాలు కూడా పోతాయని రోహిణికి అప్పుడే భయం పట్టుకుంది.

భయపడ్డవాళ్లు ఏం చేస్తారు? నీళ్లు పోస్తారు.

నెల దాటాక ఒక ఆదివారం అభిలాష్ మట్టిలో వేలు పెట్టి చూశాడు. “నిజం చెప్పుండ్రి. రోజూ పోస్తున్నరు కద?”

“ట్యాంకర్‌వి కావు. బియ్యం కడిగినయే. కొంచెమే.”

“కొంచెమంటే?”

“బకెట్.”

అతను తల పట్టుకున్నాడు. “ఆకులు పసుపు తిరుగుతున్నయి చూడుండ్రి. పైననే నీళ్లు దొరికితే వేరు కిందికి ఎందుకు పోతది? సోమరిపోతు అయితది. జర ఎండనియ్యుండ్రి. దాహమైతే అదే ఎతుక్కుంటది.”

రోహిణి బకెట్ దాచేసింది. మే ఎండల్లో గైలార్డియా విచ్చుకుంది, గడ్డి నడుం దాకా లేచింది. వెంకట్రావు గారు కూడా ఒకసారి ఆగి, ఎవరూ చూడట్లేదనుకుని కంకిని నిమిరారు.

జూన్ వచ్చింది. తోట చూపించాల్సిన మీటింగ్ ఆదివారం. శనివారం మధ్యాహ్నం రోహిణి డ్యూటీ నుంచి వచ్చి స్కూటీ ఆపి చూసేసరికి, గేటు పక్కన అంచు కలబంద, నాలుగు పూల మొక్కలు తప్ప నేలంతా గుండు.

పన్నెండు గడ్డి దుబ్బులూ పిడికెడెత్తు మోళ్లు అయ్యాయి. పక్కన గడ్డి మోపు. మోపు మీద చెయ్యి వేసి, ఒళ్లో కొడవలితో, డాక్టరిచ్చిన నల్ల గాగుల్స్ పెట్టుకుని నానమ్మ శివమ్మ మహారాణిలా కూర్చుని ఉంది.

“నానమ్మా! నువ్వెప్పుడొచ్చినవ్? ఏం చేసినవ్?”

“పొద్దుగాలొచ్చిన. సాఫ్ చేసిన. కొత్త కన్నుతోని చూస్తె ఏముంది, నడుమెత్తు గడ్డి! శివమ్మ చేను పడావు పడి బీడైందని నలుగురు నవ్వరా?”

“ఇది చేను కాదే!”

“నీ అపార్ట్‌మెంట్ కింద ఉన్నది నా జొన్న చేనే. మీ నాయన బాలకృష్ణ బిల్డర్‌కిచ్చి నాలుగు ఫ్లాట్లు తీసుకుండు. నేను సంతకం పెట్టిన, అంతే. చేను ఇచ్చిననంటే గడ్డి మొలవనిస్తననా?” శివమ్మ నడుం పట్టుకుంది. “మొదలు పీకిన. ఒక్కటి రాలె! ఏం వేర్లే తల్లీ, పాతాళం దాకా పోయినట్టున్నయి. అందుకే కోసిన.”

రోహిణి అక్కడే కూలబడి అభిలాష్‌కి ఫోన్ చేసింది. ఏడుస్తూ చెప్పింది. అవతల పగలబడి నవ్వు.

“నవ్వుతున్నరా? రేపు టైల్స్ వేస్తరు, నేను సస్తున్న, మీరు నవ్వుతున్నరా? ఇంక రాకుండ్రి!” ఫోన్ పెట్టేసింది.

మర్నాడు మీటింగ్‌లో వెంకట్రావు గారు మోళ్ల వైపు చెయ్యి చూపించారు. “ఏవమ్మా రోహిణీ, తోటన్నావు. తిరపతి వెళ్లొచ్చినట్టుందేంటమ్మా?”

అందరూ నవ్వారు. రోహిణి నోరు తెరిచేలోపు గేటు దగ్గర బైకు ఆగింది. రావద్దన్నా వచ్చాడు అభిలాష్.

“సార్, వానలకు ముందు ఈ గడ్డిని ఎట్లైనా కొయ్యాల్సిందే. పాత ఆకు పోతేనే కొత్తది లేస్తది. నిన్న నేను నవ్వింది అందుకే.” రోహిణి వైపు తిరిగాడు. “ముందే చెప్తే మీరు నిద్ర పోరని చెప్పలె. మీటింగ్ అయినంక కోద్దామనుకున్న. మీ నానమ్మ నాకంటే ముందు కోసింది.”

“మాటలు బానే చెప్తున్నావయ్యా” అన్నారు వెంకట్రావు గారు.

అప్పుడు లేచింది శివమ్మ. గాగుల్స్ తీసి మోళ్ల దగ్గరికి పోయి వంగి చూసింది. “ఓ సారూ, జొన్న కోసినంక మోడుకు పిలక రాదా? నేను పీకితే రాని వేరు, నువ్వు టైల్స్ వేస్తె ఊకుంటదా? పదిహేను దినాలు ఆగు. రాకుంటే నీ టైల్స్‌కు నేనే మట్టి మోస్త.”

శివమ్మ మోస్తానంటే ఎవరు కాదంటారు? పదిహేను రోజులు దొరికాయి.

వెళ్లబోతూ అభిలాష్ అన్నాడు, “ఈ పదిహేను దినాలు నేను రాను.”

“నిన్న రాకుమన్నందుకా?”

“కాదు. నేనొస్తే మీరు అడుగుతనే ఉంటరు, నేను చెప్తనే ఉంట. పని గడ్డి చేయాలె.”

“ఫోన్?”

“ఫోన్ కూడా బకెటే.”

బకెట్ ముట్టుకోకుండా ఉండటం తేలిక. ఫోన్ ముట్టుకోకుండా ఉండటం నరకం. ఎనిమిదో రోజు రోహిణికి ఒక పేషెంట్ నరం దొరకలేదు, రెండుసార్లు గుచ్చింది. “ఏం బిడ్డా, మనసెక్కడుంది?” అన్నాడాయన. తుర్కయంజాల్లో, అని చెప్పలేక సారీ చెప్పింది.

పదకొండో రోజు సాయంత్రం వాన. దిల్‌సుఖ్‌నగర్ నుంచి తడుస్తూనే వచ్చి, స్కూటీ వదిలేసి మోళ్ల ముందు కూర్చుంది. ఎండు మోళ్ల నడుమ సూది మొనల్లా పచ్చటి పిలకలు. పన్నెండింటికి పన్నెండు.

అక్కడి నుంచే ఫోన్ చేసింది. “అభీ! వచ్చినయ్! అన్నీ వచ్చినయ్! నువ్వు జల్దీ రా!”

‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చిందని ఆమె గమనించేలోపే అతను ఎదురుగా నిలబడి ఉన్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు.

“తుర్కయంజాల్ నుంచి ఎగిరొచ్చినవా?”

అభిలాష్ తడి జుట్టు వెనక్కి దోపుకుని, రోడ్డవతలి చాయ్ హోటల్ వైపు చూపించాడు. “అక్కడున్న. పదకొండు దినాల సంది, రోజూ సాయంత్రం. నీళ్లు పోయొద్దని నేనే అన్న కద, అందుకే పోయలె. ఉట్టిగ చూసిపోతున్న.”

“గడ్డినా?”

“గడ్డి చూడ్డానికి నాకు నర్సరీ ఉంది రోహిణీ.”

రోహిణి చెంపల మీది వాన నీళ్లు తుడుచుకుంది. “నాకైతే వేరు ఎప్పుడో కిందికి పోయింది” అంది. “పీకినా రాదు.”

“పీకుడు మాటొస్తే నన్ను పిలవాలె కద!” వెనకనుంచి శివమ్మ గొంతు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కొడవలి. ఇద్దరూ దూరం జరిగారు.

“జరుగుడెందుకు? చాయ్ హోటలోడు నాకు మొదటి దినమే చెప్పిండు. నీ చాయ్ పైసలు కూడా తక్కువ తీసుకొమ్మన్న.” కొడవలి అభిలాష్ చేతిలో పెట్టింది. “నాకు నడుము వంగుతలేదు. వచ్చే ఏడు నువ్వు కోయాలె. కానీ బయటోళ్లను నా చేన్ల దిగనియ్య.”

“మరి ఎట్ల అమ్మా?”

“ఎట్లంటే? ఆదివారం మీ నాయనను తోలుకొని ఇంటికి రా. మా బాలకృష్ణతోని నేను మాట్లాడ్త.”

అభిలాష్ కొడవలిని పట్టుకున్న తీరు చూస్తే అది బంగారంతో చేసిందనుకోవాలి. “ఒట్టి చేతుల్తో రాము అమ్మా. ఏమన్నా తీసుకొస్తం.”

శివమ్మ గొడుగు కింద నుంచి కొత్త కన్నుతో పిలకల్ని, వాళ్లిద్దర్నీ ఒకసారి చూసింది.

“గడ్డి తప్ప ఏమైనా తే” అంది.