గంప కింద బరువు

మా పెరటికీ మా తోడికోడలి పెరటికీ మధ్య ఒక గోడ ఉంది. ఆ గోడలో చిన్న తడిక తలుపు. అత్తయ్య పోయాక అన్నదమ్ములిద్దరూ ఇల్లు చెరి సగం చేసుకుని గోడ కట్టుకున్నారు కానీ, రాకపోకలు ఉండాలని ఆ తలుపు ఉంచారు. అత్తయ్య పెంచిన కోళ్ళనీ చెరి సగం పంచుకున్నాం. పెద్ద కోడలిని కాబట్టి చెక్కతో చేసిన మంచి గూడు నాకు వచ్చింది. చిన్నదానికి పాత రేకుల గూడు, దాని పక్కన అత్తయ్య కూర్చునే ముక్కాలి పీట మిగిలాయి. ఆ పాత పీట ఎందుకే నీకు అని నేను నవ్వాను కూడా.

ఆ నవ్వు ఎంతో కాలం నిలవలేదు.

మా వీధిలో పిల్లులకు కొదవ లేదు. వాటన్నిటికీ పెద్ద, టైలరు గారి గండుపిల్లి. గోడ మీద అది నడిచే తీరు చూసి అందరూ దాన్ని దొరగారు అంటారు. నా కోళ్ళ మీద దొరగారికి మహా ప్రేమ. గూటికి ఇనప వల కొట్టించాను. వల కంతలోంచి పంజా పెట్టి, నిద్రపోతున్న పెట్టని మెడ పట్టి లాగింది. పొద్దున చూస్తే పెట్ట వల లోపలే ఉంది, తల మాత్రం లేదు. సన్న కంతల వల తెచ్చి మార్చాను. ముంగిస కింద నుంచి తవ్వుకుని వచ్చింది. గూటి చుట్టూ బండలు పరిచాను. పట్టపగలు గద్ద వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయింది. చివరికి ఒక ముసలి పుంజు, గుడ్ల మీద కూర్చున్న ఒక చుక్కల పెట్ట మిగిలాయి.

గోడ అవతల సంగతి వేరు. ఆమె గూటికి గొళ్ళెం లేదు. ఒక గోనె పట్టా వేలాడుతూ ఉంటుంది, అంతే. అయినా ఒక్క ఈక రాలలేదు. పైగా మంద పెరుగుతోంది. ఆమె గూట్లో ఎప్పుడూ చూడని రంగు పెట్టలు కనబడేవి. "ఇది ఎక్కడిదే?" అంటే, "ఎక్కడి నుంచో వచ్చి చేరిందక్కా," అని ముఖం తిప్పుకునేది. నాకు ఒళ్ళు మండిపోయేది. దాచుకోవడం ఎందుకు, నాకు కుళ్ళే. కడుపులో కుంపటి పెట్టుకున్నట్టు ఉండేది. అత్తయ్య బతికున్నప్పుడు ఊరంతా వినేలా అనేది, "పెద్దదానికి నోరుంది, చిన్నదానికి చెయ్యి ఉంది," అని. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఇక మా బుడ్డది ఉంది, నా కూతురు. బడి నుంచి రాగానే సంచి పడేసి పిన్ని పెరట్లోకి పరుగు. అక్కడ కోడిపిల్లలు ఉన్నాయి మరి. "మన చుక్కల పెట్ట కూడా పిల్లల్ని చెయ్యకపోతే నేను పిన్ని వాళ్ళింట్లోనే ఉంటా," అంది ఒకరోజు, అన్నం తింటూ. చిన్నపిల్ల మాటే. కానీ నాకు ముద్ద దిగలేదు. కోళ్ళు పోతే పోయాయి, పిల్ల కూడానా?

అందుకే ఆ పెట్ట మీద ప్రాణం పెట్టుకున్నాను.

ఆ రోజు తోడికోడలి అమ్మకి బాగాలేదని మరిదీ తనూ ప్రయాణమయ్యారు. మా ఆయన బస్సు డ్రైవరు, పొద్దుటికి గానీ తిరిగి రాడు. వెళ్తూ వెళ్తూ తోడికోడలు తడిక తలుపు దగ్గర ఆగింది.

"కోళ్ళకి గింజలు వేసేశానక్కా. గూడు మూయక్కర్లేదు."

"పిల్లులొస్తేనో?"

"రావు." కళ్ళ కింద నల్లగా ఉంది ఆమెకి, ఏడాదిగా అలాగే ఉంది. "సందెవేళ మాత్రం నువ్వు ఇటు రాకక్కా. బుడ్డదాన్ని కూడా పంపకు."

రహస్యం నా కంటపడుతుందేమోనని భయం కాబోలు అనుకున్నాను. అంతే, ఎప్పుడు సందె పడుతుందా అని ఎదురు చూశాను.

వెలుగు తగ్గింది. గాలి లేదు. తడిసిన మట్టి వాసన, కోళ్ళ రెట్ట వాసన కలిసి వస్తున్నాయి. వీధిలో కరెంటు పోయింది. బుడ్డది ఆడి ఆడి అలసిపోయి అప్పటికే మంచమెక్కింది. నేను గోడకి చెవి ఆనించి నిలబడ్డాను.

"బా... బా... బా..."

అవతల ఎవరో కోళ్ళని పిలుస్తున్నారు. మెల్లగా, గొంతు తగ్గించి. అత్తయ్య అలాగే పిలిచేది.

తడిక సందులోంచి చూశాను. పెరట్లో మనిషి లేదు. గూటి ముందు పీట ఉంది. పీట మీద ఎవరూ లేరు. కోళ్ళు ఒకదాని వెనక ఒకటి గూటి వైపు నడుస్తున్నాయి. పీట పక్కకి రాగానే ప్రతి కోడీ ఒక్క క్షణం ఆగుతోంది. దాని వీపు కిందికి కుంగుతోంది, ఎవరో అరచేత్తో నొక్కినట్టు. అప్పుడు లోపలికి వెళ్తోంది.

ఇంకెవరైనా అయితే కేక పెట్టి పారిపోతారు. నాకు ముందు వచ్చింది భయం కాదు, ఏడుపు. చచ్చి కూడా పక్షపాతమేనా అత్తయ్యా! పక్షవాతం వచ్చినప్పుడు ఒళ్ళు తుడిచింది నేను. మందులు వేసింది నేను. కాపలా మాత్రం ఆవిడగారి కోళ్ళకా?

అప్పుడు ఆ ఆలోచన వచ్చింది. కోళ్ళు పెంచేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ రాదు అలాంటి ఆలోచన. పొదిగే కోడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చాలంటే ఒక పద్ధతి ఉంది. చీకటి పడేదాకా ఆగాలి. అది కూర్చున్న చోటుతో సహా గంప బోర్లించి, కింద చేటతో ఎత్తుకుపోవాలి. దారిలో వెనక్కి చూడకూడదు. కొత్త చోట దించి, ఇదే నీ ఇల్లు అని చెప్పి, గంప మీద రాయి పెట్టాలి. తెల్లారేసరికి అది పాత చోటు మర్చిపోతుంది. నాకు ఈ పద్ధతి నేర్పింది అత్తయ్యే.

చీకటి చిక్కబడ్డాక పెద్ద గంపా చేటా తీసుకుని తడిక తోశాను. కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. ఈకలు. పీట మీద గంప బోర్లించాను. కింద చేట దూర్చి లేపాను.

లేవలేదు.

మూడు కాళ్ళ పాత పీట. బుడ్డది ఒంటి చేత్తో ఎత్తేది. నేను మోకాలు ఆనించి, పళ్ళు బిగబట్టి లేపాల్సి వచ్చింది. బరువు. మనిషంత కాదు, కానీ ఒట్టి పీటకి ఉండే బరువూ కాదు. నాకు సంతోషం వేసింది. ఉంది, లోపల ఉంది అనుకున్నాను. తడిక దాటుతుంటే గంపలో బరువు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి జరిగింది... సర్దుకుని కూర్చున్నట్టు.

నా గూటి ముందు దించాను. గంప దగ్గరికి వంగి, మెల్లగా చెప్పాను.

"ఇక నుంచి ఇదే మీ ఇల్లు. ఇక్కడున్నవన్నీ మీవే. బాగా చూసుకోండి."

లోపల నుంచి ఊపిరి తీసుకున్న చప్పుడు వినబడింది.

గంప మీద రాయి పెట్టి, వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. గోడ మీద రెండు కళ్ళు మెరిశాయి. దొరగారు వచ్చేశారు. తాపీగా దిగి గూటి వైపు నడిచింది. నేను కర్ర తీసుకోలేదు. చూద్దాం, నా వంతు రక్షణ ఎలా ఉంటుందో చూద్దాం అనుకున్నాను.

"బా... బా..."

గంప కింద నుంచి.

పిల్లి ఆగింది. పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. తోక దించింది. గంప పక్కకి వచ్చి నిలబడింది. దాని వీపు మెల్లగా కుంగింది. పొట్ట నేలకి తగిలింది. తర్వాత లేచి, గూటి దగ్గరికి నడిచింది. గొళ్ళెం దానంతట అది జారింది. పిల్లి లోపలికి వెళ్ళింది.

పుంజు అరవలేదు. పెట్ట అరవలేదు. ఏ చప్పుడూ లేదు.

అప్పుడు వేసింది భయం. గుమ్మం పట్టుకుని లేచాను. గంప వైపు చూశాను. రాయి పెట్టినట్టే ఉంది. దగ్గరికి వెళ్ళి గంప అంచు తోశాను. తేలిగ్గా జరిగింది. కింద చేట ఉంది.

పీట లేదు.

"బా..."

ఈసారి పెరట్లోంచి కాదు. ఇంట్లోంచి.

వంటిల్లు ఎలా దాటానో తెలియదు. తలుపు తగిలింది, గిన్నె పడింది. పడకగదిలో చీకటి. కోళ్ళ రెట్ట వాసన. మంచం పక్కన, నేల మీద, ఆ ముక్కాలి పీట. బుడ్డది బోర్లా పడుకుని ఉంది. చొక్కా వీపు దగ్గర చదునుగా నొక్కుకుపోయి ఉంది. పిల్ల పరుపులోకి కుంగుతోంది...

"అత్తయ్యా," అన్నాను. "అత్తయ్యా, ఇది కోడి కాదు. నా పిల్ల. మీ మనవరాలు."

చొక్కా మెల్లగా పైకి లేచింది. బుడ్డదాన్ని లాగి గుండెకి హత్తుకున్నాను. పిల్ల మేలుకునే ఉంది. నా చెవిలో గుసగుసగా అంది.

"అది నానమ్మ కాదమ్మా."

తెల్లవార్లూ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వీధి అరుగు మీద కూర్చున్నాను. వెలుగు వచ్చాక పెరట్లోకి వెళ్ళాను. గూట్లో దూలం మీద పుంజు ఉంది. దాని పక్కన, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పిల్లి కూర్చుని ఉంది. కింద చుక్కల పెట్ట గుడ్ల మీద క్షేమంగా ఉంది. గింజలు చల్లితే ముగ్గురూ బయటికి వచ్చారు. దొరగారు ముక్కు నేలకి ఆనించి గింజలు వెతుక్కుంటోంది.

మధ్యాహ్నం తోడికోడలు తిరిగి వచ్చింది. తన పెరట్లో పీట లేదని చూసుకుంది. తడిక దగ్గరికి వచ్చి, మా గూటి ముందు ఉన్న పీట వైపు చూసింది. నేను దాన్ని అక్కడ పెట్టలేదు. పొద్దున పెరట్లోకి వెళ్ళేసరికే అక్కడ ఉంది. పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడితే కాళ్ళు పట్టుకుని తిరిగి ఇచ్చేద్దామనుకున్నాను.

"నీ పీట తీసుకెళ్ళవే," అన్నాను. "బుద్ధి తక్కువై తెచ్చాను."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"నేనూ మొదట్లో అత్తయ్యే అనుకున్నానక్కా," అంది. "ఎన్నిసార్లు అవతల పారేశానో, తెల్లారేసరికి మళ్ళీ గూటి ముందే ఉండేది. నువ్వు ఎలా తీసుకెళ్ళావు? దానికి ఏమని చెప్పావు?"

ఇక్కడున్నవన్నీ మీవే అన్నానని చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాలితోనేనా అంటే చెప్పలేను. తడిక తలుపు తన వైపు నుంచి లాగి, తాడుతో కట్టేసుకుంది. సాయంత్రం సుత్తి చప్పుడు వినబడింది. ఆమె తన గూటికి గొళ్ళెం బిగించుకుంటోంది. దీపాలు పెట్టకముందే తలుపులు వేసుకుని పడుకుంది. ఏడాది తర్వాత మొదటి నిద్ర అనుకుంటా. గోడ ఇవతల నిలబడి ఆ నిద్ర మీద కూడా కుళ్ళుకున్నాను నేను.

మా ఆయనకి చెప్పాను. నవ్వాడు. డ్యూటీకి వెళ్ళిపోయాడు.

వెలుగు తగ్గుతుంటే బుడ్డది వీధిలో ఆడుకుంటోంది. లోపలికి పిలుద్దామా, వద్దా? ఇంట్లోనే కదా భయం. వేరే ఎక్కడికైనా తీసుకెళ్దామని చెప్పులు వేసుకుంటున్నాను. అప్పుడే వెనక నుంచి వినబడింది, మెల్లగా, ముద్దుగా.

"బా... బా... బా..."

వీధిలో ఆట ఆగింది. బుడ్డది బంతి వదిలేసి, నా వైపు చూడకుండా, గుమ్మం ఎక్కింది. నా పక్కకి, ఎప్పుడొచ్చిందో గుమ్మంలో ఉన్న ఆ పీట దగ్గరికి రాగానే ఆగింది. దాని వీపు కుంగింది. లోపలికి వెళ్ళింది. నేను చెయ్యి చాచాను, అందలేదు.

దాని వెనక ఇంకో పిల్ల గుమ్మం ఎక్కింది. ఒళ్ళంతా దుమ్ము. కాళ్ళకి చెప్పులు లేవు. ఎక్కడి నుంచో చాలా దూరం నడిచి వచ్చినట్టుంది. మా వీధి పిల్ల కాదు. నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ పిల్ల కూడా నా పక్కన ఆగి, వీపు వంచింది.