మంచోళ్లని మింగే క్వార్టరు

ఇబ్రహీంపట్నంలో థర్మల్ స్టేషన్ కడుతున్న రోజులు. మా పేట నుంచి భవానీపురం పోవాలంటే కాలవ గట్టే దారి. ఆ గట్టు మీద ఇరిగేషన్ వాళ్లు వదిలేసిన క్వార్టరొకటి ఉండేది. తలుపుల్లేవు, కిటికీల్లేవు. పేరు మాత్రం ఉంది — మంచోళ్లని మింగే క్వార్టరు.

ఉత్తినే రాలేదా పేరు. కాలవలో పడ్డ పిల్లల్ని ఎందరినో ఒడ్డుకి లాగిన శౌరయ్య, మా గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి, దాని మెట్ల దగ్గరే పాము కరిచి పోయాడు. మరుసటేడు బడే మియా అక్కడే గుండె పట్టుకుని కూలబడ్డాడు. ముసలివాళ్ల గొడుగులు ఊరికే బాగుచేసిపెట్టే మనిషి. ఇంకేం, పేటంతా తేల్చేసింది... అందులో ఉన్నదానికి మంచోళ్లంటేనే రుచి. చెడ్డోళ్లని వాసన చూసి వదిలేస్తుంది.

రుజువు కావాలా? ముసలి మంత్రసాని మాణిక్యమ్మే రుజువు. ఆవిడ నోటికి జడిసి ఇద్దరు కోడళ్లు వేరు కాపురాలు పెట్టారు. జరీనా నర్సు వచ్చాక పురుళ్లకి పిలిచేవాళ్లు లేక, ఆ తీరుబడి కూడా అందరి గుట్లూ విప్పి తిట్టడానికే వాడింది. ఎనభై దాటినా రాయిలా ఉండేది.

"మంచోళ్లకే ఎందుకమ్మా ఆయుష్షు తక్కువ?" అని సమాధుల దగ్గర ముక్కు చీదేవాళ్లని నేను నమ్మను. పాలలో నీళ్లు కలిపినవాడైనా పెట్టెలో పడుకోగానే పుణ్యాత్ముడైపోతాడు. అంత మంచోడైతే బతికుండగా ఒక్కళ్లూ అనలేదేం?

సరే, నా నమ్మకంతో వాళ్ల భయం ఆగుతుందా. పొద్దుగూకాక ఆ దారిన పోయేవాళ్లకి ఒక ఆచారం పడింది. క్వార్టరు ముందు ఆగి, చేసిన పాపమొకటి పైకి చెప్పాలి. నేను మంచిదాన్ని కాదు, నన్నొదిలెయ్ అన్నట్టు. చెప్పి పరుగు. అందుకే ఆ దారిన ఎవరూ జంటగా పోయేవాళ్లు కాదు. పక్కన ఇంకో జత చెవులుండగా పాపం చెప్పుకునే వీరుడెవడు?

ఇక జరిగింది చెబుతా. నాకిది చెప్పింది తెరేసమ్మ. ఆ రాత్రి నొప్పులు పడ్డ మనిషే.

తెరేసమ్మ అత్త అమలమ్మ... పోయిన ఉపదేశి శౌరయ్య భార్య. కొడుకు అంతోనికి థర్మల్ స్టేషన్లో నైట్ డ్యూటీ. దీపాలు పెట్టే వేళకి కోడలికి నొప్పులందుకున్నాయి. నెలలింకా నిండలేదు. జరీనా నర్సు ఇల్లేమో గట్టు అవతల.

తోడు రమ్మంటే ఒకడికి జ్వరం, ఒకడికి నడుం పట్టేసింది. మా మగాళ్ల రోగాలు వేళకి భలే వస్తాయి.

కోడలి దగ్గర కూర్చున్న పక్కింటి దానమ్మ గుసగుసగా అంది.

"వెళ్లకు వదినా... నీయంత మంచిదాన్ని అది పోనిస్తుందా?"

"నేను పోతే పోయాను. పిల్ల దక్కాలి."

లాంతరు తీసుకుని గట్టెక్కింది.

కాలవ నీళ్లు నల్లగా కదులుతున్నాయి... గాలి లేదు. క్వార్టరు దగ్గర పడేకొద్దీ ఏదో కమురు వాసన. మెట్ల ముందు ఆగింది. పాపం చెప్పాలి. వెతుక్కుంది... ఒక్కటీ దొరకదే!

"శుక్రవారం ఉపవాసం నాడు... ఎండుచేప కాల్చుకు తిన్నా."

చీకట్లోంచి సన్నగా —

"చాలదు..."

అమలమ్మ ఒకడుగు వెనక్కేసింది. అవతల పిల్ల మూలుగు చెవుల్లో తిరుగుతోంది. భయం ముదిరి కోపమైంది.

"ఏం చాలదు? మా ఆయన్ని మింగావు, అది చాల్లేదా? ఆయనంత మంచోడేం కాదు, తెలుసా! ఊరందరి పిల్లల్నీ నీళ్లలోంచి తీశాడు, నన్నొక్కసారి గవర్నర్‌పేటలో సినిమాకి తీసుకెళ్లాడా? అందుకే ఓ రాత్రి జపానికి పోకుండా ఆయన చెప్పు నేనే దాచేశా. కుక్క ఎత్తుకెళ్లిందని చెప్పా. చాలా ఇది?"

లోపల ఎవరో కిసుక్కుమన్నారు.

"ఓసి దొంగమొహమా..."

లాంతరెత్తింది. గుమ్మంలో ఒక మొహం. తెరిచిన నోట్లో... ఎర్రగా నిప్పు!

కొరివి దెయ్యం!

లాంతరు చేజారింది. దెయ్యం రెండడుగులు ముందుకేసి, నోట్లోంచి నిప్పు బయటికి తీసి, పక్కకి ఉమ్మింది.

"ఈ వేళ నర్సు కోసమేగా పరుగు, ఎవరికే నొప్పులు? నీ కోడలికేనా?"

మాణిక్యమ్మ! చుట్ట మానేశానని ఫాదర్ గారి ముందు ఒట్టేసి, సాయంత్రమయ్యేసరికి ఆ చీకట్లో చేరి అడ్డపొగ పీలుస్తోంది. చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుంటే బయటికి వెలుగు కనపడదుగా. పేటలో అందరి గుట్లూ ఆవిడకెలా తెలుసో అప్పుడర్థమైంది అమలమ్మకి.

"జరీనా పొద్దున్నే పెళ్లికి పోయింది. నువ్వెళ్లి తాళాన్ని బతిమాలుకోవాలి. నడువ్!"

బిడ్డ మెడకి పేగు చుట్టుకునుంది. మాణిక్యమ్మ నోటితో తెరేసమ్మని, తెరేసమ్మ తల్లిని, అంతోని వంశాన్ని తిడుతూనే ఉంది. చేతులు మాత్రం పువ్వులు కోస్తున్నట్టు కదిలాయట. బిడ్డ కేరుమంది. ఆడపిల్ల.

అమలమ్మ ముసలిదాని చేతులు పట్టుకుంది. "నీయంత మంచిది..."

"నోర్ముయ్! ఆ మాట బయట అన్నావో చంపుతా. మంచిదాన్నని పేరొస్తే నేను బతకొద్దూ?"

అమలమ్మకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. "మంచోళ్లెందుకు తొందరగా పోతారు పెద్దమ్మా?"

"తొందరేం కాదే పిచ్చిదానా. నీ మొగుడు వందేళ్లకి పోయినా తొందరేననేదానివి. నేను రేపు పోయినా ఇంత ఆలస్యమేంటంటారు."

కాళ్లు కడుక్కుని లేచింది. అమలమ్మ గడప దాకా వచ్చింది.

"అయినా నన్నలా ఆటపట్టిస్తావా? చాలదట! దొంగమొహమట!"

మాణిక్యమ్మ ఆగింది.

"నేనా? నిప్పు నోట్లో పెట్టుకుని మాట్లాడితే నాలిక కాలదూ? నువ్వెవరితో మాట్లాడుతున్నావో చూద్దామనే లేచొచ్చా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు...

ముసలిది శిలువ గుర్తు వేసుకుంది. ఆ రోజు నుంచీ చుట్ట ఇంట్లోనే కాల్చేది, ఫాదర్ గారు ఏమన్నా సరే.

అమలమ్మ మాత్రం తెల్లవార్లూ బిడ్డని ఒళ్లో వేసుకుని కూర్చుంది. దొంగమొహమా... ఈ లోకంలో ఆమెనలా పిలిచినవాడు ఒక్కడే. అదీ తలుపులేసుకున్నాక.

మర్నాడు పొద్దుగూకుతుంటే తల దువ్వుకుని, లాంతరు ముట్టుకోకుండా గట్టెక్కుతోంది. దానమ్మ గుండె బాదుకుంది.

"ఎక్కడికొదినా ఈ చీకట్లో?"

"పాపం చెప్పొద్దామని."

"నిన్నే చెప్పావుగా! నీకింకా పాపాలెక్కడున్నాయే తల్లీ?"

"లేకపోతే చేసుకుంటాలే," అంది అమలమ్మ. వెనక్కి చూడకుండా.