కొట్టివేసిన పంక్తులు

“కొరమీనైతే...” అని ఆపేసింది చేపల మరిడమ్మ.

ఏసుపాదం కాసేపు చూశాడు. ఆమె కూడా చూసింది. చెప్పాల్సింది చెప్పేశానన్న ధీమాతో కత్తిపీట ముందుకు లాక్కుంది.

“కొరమీనైతే ఏంటమ్మా?”

“అదేనండీ, కొరమీనైతే...” ఆమె అతని చెవి వంక చూసి నాలిక్కరుచుకుంది. “పూరణి పెట్టుకోలేదేటండీ? ఇలా వచ్చేత్తే ఎలాగండి బాబూ, మరి నేను...”

మాట మళ్లీ సగంలోనే తెగిపోయింది. ఆమెను తప్పు పట్టి లాభం లేదు. పదిహేనేళ్లుగా వాక్యాన్ని చివరిదాకా లాక్కెళ్లాల్సిన పని ఆ నోటికి పడలేదు. వేళ్లతో సైగ చేసి, తల ఊపి, ఎలాగో బేరం అయిందనిపించారు.

పూరణి అంటే చెవి వెనక అతికించుకునే మినపగింజంత పూస. ఎదుటివాళ్లు రెండు మాటలంటే చాలు, మిగతా వాక్యం వాళ్ల గొంతుతోనే మన చెవిలో పలుకుతుంది. ప్రతి మనిషి పాత మాటలూ, పెదవి కదిపే తీరూ, ఊపిరి తీసే పద్ధతీ దానికి కంఠతా వచ్చు. కొత్తలో జనం విసుక్కున్నారు, తర్వాత మురిసిపోయారు, ఆ తర్వాత అదొకటి ఉందనే మరిచిపోయారు. కాకినాడలో కోర్టు వాదనలూ పెళ్లిచూపులూ బడిపాఠాలూ అన్నీ సగం మాటల మీదే నడుస్తున్నాయి. అది పొరపడినా పట్టించుకున్నవాళ్లు లేరు. ‘నేను అనబోయింది ఇదే కాబోలు’ అని మాట్లాడినవాళ్లే సర్దుకుపోయేవారు.

సర్దుకుపోనివాళ్లు ఊరు మొత్తం మీద తొమ్మిదిమంది. జగన్నాథపురంలో ఏసుపాదం అచ్చుగది వాళ్ల అడ్డా. కాలితో తొక్కే పాత ట్రెడిల్ అచ్చుయంత్రం మీద, సీసపు అక్షరాలు చేత్తో పేర్చి, మూడు నెలలకోసారి ‘ఎడం’ అనే కవితాపత్రిక యాభై ప్రతులు వేస్తారు. పూరణి ఊహించలేని పంక్తే కవిత అన్నది వాళ్ల సిద్ధాంతం. గుమ్మంలోనే పూసలు తీసి స్టీలు డబ్బాలో వేసి లోపలికి రావాలి. రాసినవాళ్లు తమ కవిత గురించి నోరెత్తకూడదు. ఇంకొకరు చదువుతారు, మిగిలినవాళ్లు వాదించుకుంటారు. చివరికి ‘కోత’. కవితలో అందరికీ ఇట్టే అర్థమైపోయే పంక్తి ఏదుందో వెతికి, ఏసుపాదం ఎర్ర పెన్సిలుతో కొట్టేస్తాడు. అది పోయాకే అచ్చు. ఆ తొమ్మిదిమందికీ ఈ పద్ధతి మీద మహా గర్వం.

ఈసారి అక్టోబరు సంచికలో నూకరత్నం కవితకు కోతే అవసరం కాలేదు. కొట్టడానికి తేలిక పంక్తి ఒక్కటీ లేదని అందరూ చప్పట్లు కొట్టారు. నియమం ప్రకారం ఆమె మౌనంగా కూర్చుంది. ఈమధ్య టీ దాకా కూడా ఆగకుండా వెళ్లిపోతోంది. పేరొచ్చింది కదా, ఆమాత్రం బిగువు ఉంటుందిలే అనుకున్నారు.

ఆ కవిత ప్రూఫు పట్టుకునే ఏసుపాదం ఇవాళ నూకరత్నం ఇంటికి బయల్దేరాడు, దారిలోనే ఆ చేపల బేరం. అక్షరాలు పేర్చేటప్పుడు తీసిన పూసను డబ్బాలోనే మరిచిపోయాడు.

తలుపు నూకరత్నమే తీసింది. కూతురు సత్యవేణి ఆఫీసులో ఉండే వేళ అది.

“అక్కా, ‘ఉప్పు’ తర్వాత ఎడం ఎంత వదలమంటావు? రెండు వేళ్లా, మూడా?”

ఆమె ప్రూఫు అందుకుంది. “పాదం... అది... తెల్ల... గిన్నె... కాదు, కాదు... నీళ్ల...”

ఏసుపాదం నవ్వేశాడు. “ఇంట్లో కూడా ప్రయోగమేనా అక్కా? బావుంది, ఇదీ రాసెయ్.”

ముప్ఫయ్యేళ్ల స్నేహంలో అంతకన్నా పాపిష్టి మాట అతను అని ఉండడు. ఆ సంగతి నిమిషంలోనే తెలిసింది. ఆమె కుడిచేతిలోంచి కాగితం జారిపోయింది. ఎడమచేత్తో తన నోటిమీద తానే కొట్టుకోసాగింది. ఏసుపాదం రెండు చేతులా పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో నరాల డాక్టరు చిన్నవాడే. ఆ వార్డులో పూరణి తీసి వినాలన్న నియమం ఉంది. కానీ అక్కడిదాకా రావాలంటే ముందు ఎవరికో అనుమానం తగలాలి కదా.

“మాట తడబాటు ఎప్పట్నుంచమ్మా?” అని అడిగాడు సత్యవేణిని.

“తడబాటేంటండీ? నిన్న కూడా బాగానే మాట్లాడింది. పప్పులో ఉప్పెక్కువైందని నన్ను తిట్టింది కూడాను.”

“తిట్టింది మీ అమ్మగారా, మీ పూసా?”

అలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందని కూడా ఆ పిల్లకు తోచలేదు.

నూకరత్నం రాసినవి తేదీలతో సహా ఏమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగితే, ఏసుపాదం ఆ ఏడాది సంచికలు మూడూ, ప్రూఫూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. డాక్టరు వాటిని వరసగా పరుచుకుని పెన్నుతో చూపించుకుంటూ పోయాడు.

“జనవరిలో వస్తువుల పేర్లు తారుమారయ్యాయి. ఏప్రిల్‌కి పేర్లే పోయాయి. జూలైకి క్రియలు కూడా. ఈ అక్టోబరు ప్రూఫులో చూడండి, మాటకీ మాటకీ పొంతనే లేదు. ఇవి మీరు అచ్చు వేశారా?”

“వేశామండీ.”

“ఎవరూ ఏమీ అనలేదా?”

“అందరూ మెచ్చుకున్నారండీ.”

మెచ్చుకోవడమంటే అంతా ఇంతా కాదు. జూలై కవిత మీద ఆ తొమ్మిదిమందిలో ఒకరైన టీచరు ఫరీదా ఎనిమిది పేజీల వ్యాసం రాసింది. క్రియాపదాన్ని త్యజించిన తొలి కవయిత్రి అని నూకరత్నాన్ని ఆకాశానికెత్తింది. ఎద్దు పుండు కాకికి ముద్దు అంటే ఇదే. ఏసుపాదానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“జనవరిలో తెచ్చుంటే మెదడులో గడ్డ తీసేసేవాళ్లం,” అన్నాడు డాక్టరు. “ఇప్పుడు కత్తి పెట్టే స్థితి దాటిపోయిందండీ. ఇంటికి తీసుకెళ్లండి. నెలో, రెండు నెలలో.”

అచ్చుగదికి వచ్చి ఏసుపాదం రాతప్రతుల పెట్టె తెరిచాడు. ఏం వెతుకుతున్నాడో అతనికి తెలుసు. దొరక్కపోతే బావుండుననీ అనుకున్నాడు. మూడు కవితల్లోనూ ఎర్రగీత కింద ఆమె దస్తూరీ చక్కగా కనబడుతూనే ఉంది.

జనవరిది: ‘పాలను పాలు అనడానికి ఇవాళ పొద్దంతా పట్టింది.’

ఏప్రిల్‌ది: ‘నా బిడ్డ వింటున్నది నన్ను కాదు.’

జూలైలో అక్షరాలు వంకరపోయాయి. ఎంతసేపు కూడదీసుకుని రాసిందో. ‘పాదం ఇది కవిత కాదు.’

దాని పక్కనే అంచున, తన చేతిరాతే, ‘మరీ తేలిక’ అని ఉంది.

ఊరంతా పూసకు చెవులు అప్పగించి కూర్చుంటే, చెవులున్న చోటు ఇదొక్కటేనని నమ్మి ఆమె ఇక్కడికి రాసి పంపింది. ఏసుపాదం సీసపు అక్షరాల అరల మధ్య నేల మీద కూలబడి ఏడ్చాడు.

మర్నాడు ఆ మూడు పంక్తులనూ మధ్యలో ఎక్కడా ఎడం లేకుండా పేర్చాడు. ఒక్క కాగితం మీద అచ్చు తీశాడు. ఆమె బతికుండగానే కూతురికి ఆమె మాట చేరాలి. చేతనైంది ఇక ఇదొక్కటే. సిరా ఆరేదాకా కూడా ఆగలేకపోయాడు.

సత్యవేణి తల్లికి రాగిజావ పడుతోంది. చెవి వెనక పూస ఉంది.

“రండి మావయ్యా. అమ్మ ఇవాళ హుషారుగా ఉంది. పొద్దున్నుంచీ ఒకటే కబుర్లు.”

మంచం మీద నూకరత్నం పెదవులు కొద్దిగా కదులుతున్నాయి. ఏసుపాదానికి వినిపించింది ఊపిరి ఒక్కటే. అతను కాగితం సత్యవేణి చేతికిచ్చాడు. ఆమె చదివింది, మళ్లీ చదివింది.

“ఎవరివివి?”

“మీ అమ్మవేనమ్మా. సాయం చెయ్యమని రాసుకుంటే నేనే కొట్టేశాను. నన్ను ఏమన్నా అను, పడతాను. ఇవి మాత్రం నీకోసం రాసినవే.”

“అమ్మ ఇలా మాట్లాడదు మావయ్యా.” గొంతులో కోపం లేదు. పొరపాటు దిద్దుతున్నట్టు అంది. కాగితాన్ని తల్లి ఒళ్లో పరిచింది. “అమ్మా, ఇవి నువ్వు రాశావా?”

నూకరత్నం ఎడమచెయ్యి కదిలింది. చూపుడువేలు తడుముకుంటూ వెళ్లి రెండో పంక్తి మీద ఆగింది. అక్కడే గట్టిగా అదిమి పట్టింది. నోరు తెరిచి, మెడనరాలు తేలేలా ఊపిరి బిగబట్టి, ఏదో అనబోయింది.

సత్యవేణి తల వంచి శ్రద్ధగా వింది.

“కాదంటోంది. ఇలాంటి పిచ్చిరాతలు నేనెందుకు రాస్తానే అంటోంది.”

“ఒక్కసారి ఆ పూస తీసి చూడు తల్లీ. వేలు చూడు, ఎక్కడ పెట్టిందో చూడు.”

సత్యవేణి చెయ్యి చెవిదాకా వెళ్లింది. కాసేపు అక్కడే ఉండి, మెల్లగా కిందికి దిగింది. కళ్లనిండా నీళ్లు.

“తీస్తే ఇంక అమ్మ మాట్లాడదు కదా మావయ్యా,” అంది.

తల్లి వేలు మీదికెత్తి, అంటుకున్న పచ్చిసిరాను చున్నీ కొంగుతో తుడిచింది. కాగితం మడిచి పక్కన పెట్టింది. నూకరత్నం ఏసుపాదాన్నే చూస్తూ మళ్లీ పెదవులు కదిపింది. అతను ముందుకు వంగాడు, ఎంత వంగినా అతనికి ఏమీ తెలియలేదు.

“జావ చల్లారిపోతోందే అంటోంది,” అని సత్యవేణి చెంచా అందుకుంది.