మూడొందల పద్దెనిమిదో బిళ్ళ

పొద్దు గూకాక పాత బంగారు గని షాఫ్టు పక్కనున్న టోకెన్ రూము దారిన కేజీఎఫ్‌లో ఎవరూ పోరు. గని వ్యర్థాల సైనైడు దిబ్బ చుట్టూ తిరిగి రెండు మైళ్ళు ఎక్కువ నడుస్తారు గానీ ఆ దారి పట్టరు. అక్కడ కాపలా ఉండే సెల్విన్ అయితే, దెయ్యాలూ గియ్యాలూ అంతా ఉత్తదే అంటాడు. అంటాడు గానీ, ఐదున్నరకే గేటుకి తాళం వేసి ఇల్లు చేరుకుంటాడు.

ఆ గది కిటికీ మీద రాత్రిపూట ఎవరో మూడుసార్లు కొడతారని చెప్పుకుంటారు. కొట్టి, మెల్లగా అడుగుతారట — "నా బిళ్ళ ఇయ్యప్పా..." అని.

గనులు నడిచిన రోజుల్లో ఆ గది గోడకి పెద్ద చెక్క బోర్డు, దాని నిండా మేకులు, ఒక్కో మేకుకి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేవి. కిందికి దిగేవాడు తన బిళ్ళ తీసుకుని దిగాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. గనులు మూతపడ్డాక దొంగలు ఇత్తడి కోసం బోర్డంతా ఊడ్చేశారు. రెండు బిళ్ళలు మాత్రం మిగిలాయి. వాటినీ ఒకడు పట్టుకుపోయాడట. మూడో రోజే తెచ్చి, తీసిన మేకులకే తగిలించి, ఊరు విడిచిపోయాడు.

ఆ రెండింట్లో ఒకటి మునివెంకటప్పది, మూడొందల పదిహేడు.

మునివెంకటప్ప బైరకూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు గనిలో దిగిన మనిషి. ఇప్పుడు గని కూలీల లైను ఇంట్లో మంచం పట్టాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. మూడు రోజులుగా ప్రాణం గొంతులో కొట్టాడుతోంది, పోవడం లేదు. కొడుకు మునేష్ వేమగల్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి పక్కనే కూర్చున్నాడు. పక్కింటి చిన్నక్క పూటపూటా గంజి కాచి తెస్తోంది.

చిన్నక్క మొగుడు ఓబలప్ప, మునివెంకటప్పకి గనిలో జతగాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒకరోజు పనికి పోయినవాడు మళ్ళీ ఇంటికి రాలేదు. ఎవత్తెనో తగులుకుని ఆంధ్రాకి పారిపోయాడని లైనంతా కూసింది. చిన్నక్క గాజులు తీయలేదు. ఎవరితోనూ వాదించలేదు.

ఆ సాయంత్రం ఆమె గిన్నె తీసుకుని బయటికి వెళ్ళగానే మునివెంకటప్ప కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"మునేశా... ఓబులు పారిపోలేదప్పా. కిందే ఉండాడు."

ముసలాయన ఆగి ఆగి, దగ్గుతూ చెప్పాడు. బిళ్ళలు తగిలించేచోట ఎప్పుడూ పెద్ద క్యూ. రూలు ఒప్పుకోకపోయినా, జతగాళ్ళలో ఒకడు ఇద్దరి బిళ్ళలూ తగిలిస్తే రెండోవాడు టీకి పోయేవాడు. ఆ రోజు పైకొచ్చే లిఫ్టు బోను ఎక్కబోతూ, అన్నం క్యారియర్ మర్చిపోయానన్నాడు ఓబలప్ప. తన బిళ్ళ ఇచ్చి, వెనకే వస్తాను పొమ్మన్నాడు. మునివెంకటప్ప పైకొచ్చి, అలవాటు కొద్దీ రెండూ తగిలించేశాడు.

అప్పుడే కాళ్ళ కింద భూమి అదిరింది. లోపల రాయి పేలింది. ఆఫీసర్లు పరుగున వచ్చి బోర్డు చూశారు... ఒక్క మేకూ ఖాళీ లేదు. అందరూ పైకొచ్చేశారని రాసుకుని, ఆ సొరంగం మూసేశారు.

"పని పోతాదని బయపడితి. రేపు చెప్తాము, రేపు చెప్తాము అనుకుంటా... ఇంగ నోరు రాలేదు."

మునేష్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ఆమె చేతి ముద్ద ఎట్లా దిగిందని అడగబోయాడు. ఆ కళ్ళు చూసి అడగలేకపోయాడు.

"వాడి బిళ్ళ మేకు మింద నుంచి తీసెయ్యి. చిన్నక్క చేతిలో పెట్టి, జరిగింది చెప్పు. అంతదాకా వాడు నన్ను పోనియ్యడు."

తెల్లారేదాకా ఆగితే మనిషి దక్కేలా లేడు. చిన్నక్కని తండ్రి దగ్గర కూర్చోబెట్టి మునేష్ ఒక్కడే బయల్దేరాడు.

దిబ్బ మీది దుమ్ము కళ్ళల్లో పడుతోంది. కంచె దూరి, తలుపు లేని ఆ గదిలోకి అడుగుపెట్టి ఫోను లైటు వేశాడు. బోర్డు నిండా ఖాళీ మేకులు. ఆ లెక్కన కేజీఎఫ్ మొత్తం ఇంకా కిందే ఉంది. ఒక మూల మాత్రం రెండు బిళ్ళలు, పక్కపక్కనే — మూడొందల పదిహేడు, మూడొందల పద్దెనిమిది.

చెయ్యి చాచాడు.

టక్... టక్... టక్.

లైటు కిటికీ వైపు తిప్పాడు. ఎవరూ లేరు.

"మునెంకటప్పా... వచ్చినావా?"

తండ్రి తప్పుకి తాను జవాబు చెప్పుకోవాల్సి వచ్చిందే అని మునేష్‌కి ఏడుపొచ్చింది.

"ఆయన కొడుకునప్పా," అన్నాడు. "నీ బిళ్ళ తీసేదానికే వచ్చినా."

మూడొందల పద్దెనిమిది తీసి గుప్పిట్లో పెట్టుకున్నాడు. కింద గనిలో రాయి ఎంత వేడెక్కేదంటే, జేబులో బిళ్ళ తొడకి చురుక్కుమనేదని తండ్రి చెప్పేవాడు. ఇది మాత్రం చల్లగా ఉంది. గుమ్మం దాటుతుంటే వెనక మేకు మీంచి ఇత్తడి జారిన చప్పుడైంది. మునేష్ వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంటికి వచ్చేసరికి చిన్నక్క గడపలో కూర్చుని ఉంది.

"పోయినాడప్పా. అరగంటయింది."

మునేష్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. బిళ్ళ ఆమె చేతిలో పెట్టి, ఒక్కటీ దాచకుండా అంతా చెప్పాడు. ఆమె అంకెల మీద వేలు రాస్తూ కూర్చుంది. కళ్ళ నీళ్ళు బిళ్ళ మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"ఆయప్ప పారిపోలేదని నాకు తెలుసు," అంది చివరికి. "పొద్దున్నే లైనంతా పిలిచి, అందరి ముందరా నువ్వు చెప్పల్ల."

చెప్తానన్నాడు మునేష్.

"పోయేముందు మీ నాయన లేచి కూసున్న్యాడు. ఓబులు పిలుస్తాండాడు, దిగల్ల అన్న్యాడు. అంతే. పిడికిలి బిగించేసినాడు, తీద్దామంటే రాలేదు."

మునేష్ లోపలికి వెళ్ళి, తండ్రి వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు.

లోపల ఇత్తడి బిళ్ళ. మూడొందల పదిహేడు. గంట కిందట మేకు మీద వదిలి వచ్చిందే.

శరీరం అప్పటికే చల్లబడింది. బిళ్ళ మాత్రం చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంది.