మెరుపును నాకే షెడ్డు

"ఏడ కొట్టిచ్చినవ్ రా గీ మెరుపు? చెప్పు!"

"యేసుదాసు షెడ్డుల, భాయ్. దయ్యంతోని. దమ్ముంటే పోయి అడుగు."

మూడేండ్ల సంది గిదే లొల్లి. చాంద్‌పాషా అన్న, ముకర్రం తమ్ముడు. మంథనిల ఇద్దరి దుకాండ్లు ఎదురెదురుంగ ఉంటయి. ఇద్దరిదీ ఒక్కటే పని – పాత జావా, రాజ్‌దూత్ మోటర్‌సైకిళ్లు కొత్తగ చేసుడు.

యేసుదాసు షెడ్డు గోదారి తొవ్వల ఉంటది. బండ్ల సామానుకు మెరిసే నికెల్, క్రోమ్ పూత ఎక్కిచ్చెటోడు యేసుదాసు. ఆయన సచ్చిపోయి నాలుగేండ్లాయె. రాత్రయితే లోపట మిషిను గుంయ్‌మంటదని, ఆయన లేచొచ్చి ఇనుము మీది మెరుపును నాకి పోతడని అంటరు. చీకటి పడ్డదంటే గటు దిక్కు కుక్క గూడ పోదు.

చాంద్‌పాషాకు భయం కన్న కడుపుమంట ఎక్కువ. తమ్ముడు చేసిన పైపుల మొఖం చూసుకొని మీసాలు దువ్వుకోవచ్చు. ఈయన వేరే కాడ కొట్టిచ్చింది ఒక్క వానకాలానికే ఉల్లిపొట్టు లెక్క లేస్తది. ఉన్న ఒక్క పెద్ద గిరాకి ఓంప్రకాశ్ సేటు గూడ మొన్న ఖరాఖండిగ చెప్పిండు – "శుక్రారం దాంక చూస్త. సైలెన్సర్ పైపు మెరవకపోతే బండి నీ తమ్మునికే."

గా రాత్రి ముకర్రం గోనెసంచిల ఒక పైపు కట్టుకొని పోంగ చాంద్‌పాషా చూసిండు. ఎనుకనే పోయిండు… తమ్ముడు షెడ్డు ముంగట సంచి పెట్టి, తిరిగి చూడకుంట ఇంటికి పోయిండు. ఈయన చెట్ల సాటుకు ఆగిండు. గంటసేపు.

ఇగ అటెనుక జరిగింది చాంద్‌పాషా తన నోటితోని చెప్పిందే.

కన్ను జర మలిగి తెరిచేసరికి సంచి లేదు. తలుపు జరంత తెరిచి ఉన్నది. దగ్గరికి పోయి తొంగి చూసిండు. లోపట – గుంయ్…

చిన్న బల్బు. దాని కింద డ్రమ్ము. డ్రమ్ముల నీళ్లు బుడబుడ కాగుతున్నయి… కింద మంట లేదు!

రాగితీగకు తమ్ముని పైపు ఏలాడుతున్నది. సగం నీళ్లల్ల. తీగ మెల్లగ దిగుతున్నది…

చూస్తుండంగనే మెరుపు పోతున్నది. కిందికెళ్లి మీదికి… జర జర… ఎవలో నాలుకతోని నాకినట్టు…

"యా అల్లా…" అన్నడు, గొంతులనే.

నీళ్లల్లకెళ్లి ఒక చెయ్యి లేచింది. మోచెయ్యి దాంక నలుపు. ఎనుక మనిషి నిలబడ్డది – మొఖం లేదు! మొఖం ఉండాల్సిన కాడ ఒట్టి తెల్లబట్ట.

బట్టలకెళ్లి మెల్లగ మాట వచ్చింది…

"తలుపు పెట్టు. దుమ్మొస్తున్నది."

చాంద్‌పాషా కూలబడ్డడు.

నేను మొఖం మీది బట్ట గుంజేసిన.

అవు, నేనే. మగ్దలేనమ్మను, యేసుదాసు పెండ్లాన్ని. రబ్బరు తొడుగులు ఆయనవే, పని నాది. పొద్దంత పొలాల మోటార్లు కరెంటు గుంజుకుంటయి, రాత్రి నిలకడగ ఉంటది. దయ్యమన్న పేరుంటే దొంగలు రారు, ఫుకట్ సలహాలు చెప్పెటోళ్లు రారు. నేనేం కాదనలే.

"వ… వదినా… మెరుపు ఏడికి పోయింది?"

"ఉల్టా కరెంటు పెట్టిన. నీళ్లు బుడబుడలాడేది గూడ దానికే. ఎక్కిచ్చేటి కరెంటే ఉల్టా పెడితే ఊడగొడతది. పాత పొర మొత్తం ఊడినంకనే కొత్తది. నువ్వు పాతదాని మీదనే కొట్టిస్తవ్, అందుకే లేస్తది."

"గంతేనా?"

"గంతే."

లేచి లుంగీ దులుపుకున్నడు. భయం పోయింది. కడుపుమంట పోలే.

"వానిది బయట పెట్టు వదినా. నా పైపు తెస్త, ముందుగాల అది చెయ్యి. శుక్రారం కావాలె."

"ముందుగాల కావాలంటే వానికన్న ఎక్కువియ్యాలె."

"వాడెంతిస్తడు?"

"మూడు వేలు."

తమ్ముని పైపు దిక్కు చూసిండు. అంగి జేబుల చెయ్యి పెట్టిండు. నోట్లు రెండుమాట్ల లెక్కవెట్టిండు. మళ్ల ఇంకో జేబు తడిమిండు. ఆఖరికి నా చేతుల పెట్టిండు – మూడు వేల ఒక్క రూపాయి.