మేకపెద్ద తీర్పు

"ఇంకొక్కసారి కింద పడ్డారంటే ఈ నాటకంలో మేక ఉండదు," అంది అరాబా.

ఫీఫీ నేలమీదనుంచి లేవకుండానే తలెత్తాడు. "మేక లేకపోతే తాబేలును ఊళ్లోంచి ఎవరు వెళ్లగొడతారు, టీచర్? మీ అంతట మీరే వెళ్తారా? ఆ నడకకి బడికి సెలవులిచ్చేస్తారు."

నవ్వు దాచుకోవడానికి అరాబా కాగితాల్లో తల దూర్చవలసి వచ్చింది. సాల్ట్‌పాండ్ రేవులో పడవలకు పేర్లు రాసుకునే ఈ మనిషిని పిలిచి మేక వేషం ఇచ్చింది తానే; తాబేలు వేషం తనది. మూడు వారాలుగా అతను పడుతున్నాడు, కిటికీల్లోంచి చూసే పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. ఆమె రాసిన కథ మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

కథ చిన్నదే. బావి ఎండిపోతున్నదని, నెమ్మదిగా తాగే తాబేలును మేకపెద్ద ఊరు విడిచి పొమ్మంటాడు. రాసిన మాటలు అక్కడితో సరి; ఆపైన పిల్లలే నడపాలి. ఆ తీరంలో కథ వినేవాళ్లు ఎవరైనా సరే లేచి, "ఆగండి, ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను!" అని పాటెత్తుకుని కథలోకి దిగిపోవచ్చు. అది వినేవారి హక్కు. కళ్లెదుట అన్యాయం జరుగుతుంటే ఒక్క పిల్లయినా ఆ హక్కు వాడుకుంటుందా అన్నదే అరాబా బెంగ. నాటకం పిల్లలకు ఎక్కకపోతే శుక్రవారం కథల గంటను బెలూన్ల గారడీవాడికి ఇచ్చేస్తానని హెడ్మిస్ట్రెస్ మిసెస్ అఫుల్ ముందే తేల్చేసింది.

"మీ బడిలోనే ఉందిగా మా మేనకోడలు, లేచి ఆ మాట అనమని దానికి రహస్యంగా నేర్పిస్తానులెండి," అన్నాడు ఫీఫీ.

"వద్దు. నేర్పిస్తే అది మన మాట, వాళ్లది కాదు. ఒట్టేయండి."

వేశాడు. వేసినవాడు ఆమె చెయ్యి వదలడం మరిచిపోయాడు. ఆ సంగతి ఆమె కూడా కాస్త ఆలస్యంగానే గమనించింది.

శుక్రవారం రేకుల కప్పు మీద వాన దరువేస్తోంది. "నోరు విప్పినవాళ్లు మోకాళ్ల మీద నిలబడతారు!" అని పిల్లల్ని హెచ్చరించి మిసెస్ అఫుల్ ముందు వరసలో కూర్చుంది. ఇక ఏ పిల్ల లేస్తుంది, అనుకుంది అరాబా.

మేకపెద్ద తీర్పు చెప్పాడు. తాబేలు బయల్దేరింది. హాల్లో చడీచప్పుడు లేదు. ఒక అడుగు. మరొకటి. నిజం తాబేలైనా అంత నెమ్మదిగా నడవదు.

"దారిలో కాస్త కూర్చుని వెళ్లు," అన్నాడు మేకపెద్ద, తీర్పులో లేని దయతో.

గుమ్మం రెండడుగులుందనగా ఎవరో కుర్చీ తన్నుకుని లేచారు.

"ఆగండి! ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను!"

మిసెస్ అఫుల్! బావి మీద ఒక పాత పాట గొంతెత్తి పాడేసి, వెనక్కి తిరిగింది. "ఏమిటలా చూస్తారు? అమ్మమ్మ కథల్లో పెరిగినదాన్ని. ఎంతసేపని నోరు మూసుకోను?"

అంతే, గట్టు తెగింది.

"నేనూ ఉన్నా! ఆ బావి తవ్వింది తాబేలు తాతే!"

"మేక రెండు బిందెలు దాచాడు, నేను చూశా!"

ముందు పళ్లూడిన ఒక పిల్ల మాత్రం నింపాదిగా లేచింది. "నేనూ అక్కడే ఉన్నాను. మేకకి తాబేలంటే ఇష్టం. చెప్పడానికి భయం. అందుకే ఊరికే కింద పడుతుంటాడు."

"అది నాటకంలో లేదే!" అన్నాడు ఫీఫీ నీళ్లు నములుతూ.

"మేం పెట్టాం!" అన్నారు పిల్లలు ముక్తకంఠంతో. "చెప్పు మేకా, చెప్పు!"

ఫీఫీ తాబేలు ముందు మోకరిల్లాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"తప్పయింది. మీరెక్కడికీ వెళ్లొద్దు. ఏ పడవ మీద కుంచె పెట్టినా మీ పేరే వస్తోంది. మొన్న ఒక ముసలాయన తన పడవ మీద అది చూసి నన్ను కొట్టడానికి తెడ్డు ఎత్తాడు కూడా. ఆదివారం మా పెద్దవాళ్లతో వచ్చి మీ ఇంటి తలుపు తట్టి పిల్లనడగమంటారా?"

అరాబా డిప్పలోకి తల లాక్కుంది.

"శుక్రవారం గంట నీదేనమ్మా, గారడీవాడికి వేరే బడి చూసుకోమంటాను," అంది మిసెస్ అఫుల్. "ముందు ఈ మేకకి జవాబు చెప్పు, బెల్లు వేళయింది."

డిప్పలోంచి ఎర్రబడిన ముఖం మెల్లగా బయటికొచ్చింది.

"రండి. కొమ్ములు మాత్రం ఇక్కడే వదిలేసి రండి. మా నాన్న భయపడతారు."